మిర్చికి ఇచ్చిన ‘బయో’ సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరే లేదు. ఎవరిని అడగాలి?

మిర్చి రైతు కూతురు:

అందరికీ నమస్కారం. మాది పల్నాడు. నాన్న మిర్చి వేస్తారు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పూతలో నల్ల తామర పురుగు కనబడిందని నాన్న ఎప్పుడూ కొనే షాపుకు వెళ్లారు. షాపాయన పావు లీటరు సీసాలు రెండు చేతిలో పెట్టి, "ఇది బయో అన్నా, మనిషికి ఏమీ కాదు, ముఖానికి గుడ్డ కూడా అక్కర్లేదు" అన్నారట. నాన్న నమ్మారు. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఖాతా మరి.

ఒక సీసా కొట్టి ఇంటికొచ్చాక నాన్నకు వాంతులు, ఒళ్లంతా చెమటలు, కళ్లు మసకలు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు మొదట అడిగిన మాట "ఏ మందు కొట్టారు? డబ్బా తెచ్చారా?" అని. తమ్ముడు ఖాళీ సీసా తీసుకెళ్లి చూపించాడు. దాని మీద చదవడానికి ఏముందని! లక్షణాలను బట్టే వైద్యం చేశారు. నాన్న ఇప్పుడు బాగున్నారు, ఇంటికొచ్చేశారు.

సీల్ తీయని రెండో సీసా నా దగ్గరే ఉంది. దాని మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ముందు వైపు మిర్చి కాయల బొమ్మ, పెద్దక్షరాల్లో పేరు, కింద "100 శాతం సేఫ్" అని ఒక ముద్ర. వెనక ఇంగ్లీషులో "వృక్ష సారాలు 10 శాతం, మిగతాది ద్రావకం". తామర పురుగు, నల్లి, తెల్లదోమ అన్నిటికీ పనిచేస్తుందని ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. మామూలు పురుగుమందు డబ్బాల మీద ఉండే రంగు త్రికోణం లేదు. విరుగుడు ఏమిటో లేదు. బ్యాచ్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. తెలుగులో ఒక్క ముక్క లేదు. బిల్లు కూడా తెల్లకాగితం మీద "మందులు 3,600" అని రాసిచ్చిన చీటీ.

నాకు తెలియాల్సినవి ఇవి. ఇలాంటిది షాపులో బహిరంగంగా అమ్మనిస్తారా? రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఆపలేదా, లేక అంతా ఢిల్లీ చేతిలోనే ఉందా? ఫిర్యాదు చేస్తే "నువ్వెందుకు కొట్టావు" అని తిరిగి నాన్న మీదే కేసు పెడతారేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. అది నిజమా?

పాత ఏఓ:

అమ్మా, ముందుగా మీ అమ్మగారికి చెప్పండి, నాన్నగారి మీద ఏ కేసూ రాదు. 1968 నాటి పురుగుమందుల చట్టంలో 38వ సెక్షన్ ఉంది. రైతు తాను సాగుచేసే భూమిలో తన కోసం వాడుకున్న మందుకు ఆ చట్టం వర్తించదు. చట్టం పట్టుకునేది తయారుచేసినవాడిని, దిగుమతి చేసుకున్నవాడిని, అమ్మినవాడిని. నేను మండల వ్యవసాయ అధికారిగా (ఏఓ) చేసి రిటైరయ్యాను. ఈ భయంతోనే రైతులు నోరు విప్పక, చీటీలు చించేసి, సీసాలు కాలవలో పడేసి కూర్చోవడం చాలాసార్లు చూశాను. సీసా పారేయకుండా ఉంచారు కదా, సగం పని అయినట్టే. దాని సీల్ తీయకండి. ఖాళీ సీసా కూడా కడగొద్దు, కవరులో పెట్టి పిల్లలకు అందని చోట ఉంచండి.

ఇక ఢిల్లీయా, రాష్ట్రమా అన్నారు. పని ఇద్దరికీ పంచారు. ఒక మందును దేశంలో అమ్మవచ్చా, ఏ పంటలో ఏ పురుగుకు, ఎంత మోతాదులో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అని తేల్చేది కేంద్రంలోని రిజిస్ట్రేషన్ కమిటీ. దాని కార్యాలయం ఫరీదాబాద్‌లో ఉంది. కంపెనీ ఇచ్చిన పరీక్షల కాగితాలు చూసి, లేబుల్ మీదా లోపలి కరపత్రంలోనూ ఏం రాయాలో కూడా అక్కడే ఖరారు చేస్తారు. ఆ పనిలో రాష్ట్రానికి చేయి లేదు. ఒక మందును శాశ్వతంగా నిషేధించే అధికారం కూడా రాష్ట్రానికి లేదు. 27వ సెక్షన్ కింద ప్రజల భద్రత కోసం ఒక ప్రాంతంలో 60 రోజుల వరకు అమ్మకాన్నీ వాడకాన్నీ ఆపవచ్చు. విచారణ పూర్తికాకపోతే మొత్తం మీద ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. అంతే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయి, వందల మంది ఆసుపత్రుల పాలైనప్పుడు ఆ ప్రభుత్వం ఐదు మందులను ఆపింది. అదీ ఈ గడువుకు లోబడే. పంట కాలం ఆరు నెలలుంటే ఆపే అధికారం మూడు నెలలకు మించకపోవడం ఈ చట్టంలో నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

కానీ మీ సీసా విషయంలో ఢిల్లీ వైపు చూడాల్సిన పనే లేదు. తయారీకి, అమ్మకానికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. షాపులు తనిఖీ చేసి శాంపిళ్లు తీసే ఇన్‌స్పెక్టర్లు రాష్ట్రం నోటిఫై చేసిన వ్యవసాయ అధికారులే. లైసెన్సు రద్దు చేసేదీ, కోర్టులో కేసు వేసేదీ కూడా రాష్ట్రమే. రిజిస్టర్ కాని మందు అమ్మడం 18వ సెక్షన్ కింద నేరం. అందువల్ల "మా చేతిలో ఏముందమ్మా" అని ఎవరైనా అంటే మర్యాదగానే ఈ మాట గుర్తుచేయండి.

ఈ ‘బయో’ సీసాలు ఎలా తప్పించుకుంటున్నాయో కూడా తెలుసుకోవాలి. చట్టం ప్రకారం ‘పురుగుమందు’ అంటే ఆ చట్టానికి జతచేసిన జాబితాలో, అంటే షెడ్యూల్‌లో పేరున్న పదార్థం, లేదా కేంద్రం నోటిఫికేషన్ ద్వారా అందులో చేర్చినది, లేదా అలాంటిది కలిపిన తయారీ. పురుగును చంపేదల్లా దానికదే పురుగుమందు అయిపోదు. ఏవో ఆకుల రసమని రాసేస్తే "మాది షెడ్యూల్‌లో లేదు, మాకు రిజిస్ట్రేషన్ ఎందుకు" అని వాదించవచ్చు. నిజంగా ఆకుల రసమే అయితే నల్ల తామర పురుగు అంత తేలిగ్గా చావదు. అందుకని కొందరు లోపల ఘాటైన రసాయనం కలుపుతారు. ల్యాబులో అది బయటపడిన క్షణంలో ఆ సీసా రిజిస్టర్ కాని పురుగుమందు అయిపోతుంది, వాదనలన్నీ కూలిపోతాయి. కాబట్టి మీ కేసుకు ప్రాణం ల్యాబు రిపోర్టు.

వాళ్లు ఇంకో దారి కూడా తొక్కుతారు, "ఇది బయో స్టిమ్యులెంట్, మొక్క పెరుగుదల కోసం" అని. 2021 ఫిబ్రవరిలో బయో స్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 0.01 భాగానికి) మించి ఉండకూడదు. పురుగు చంపుతుందని చెప్పుకుంటే అది బయో స్టిమ్యులెంటే కాదు. మీ సీసా మీద తామర పురుగు, నల్లి పేర్లు వాళ్ల చేత్తోనే రాసుకున్నారు. ఆ వైపు ఫొటో స్పష్టంగా, వెలుతురులో తీయండి.

"100 శాతం సేఫ్" అన్న ముద్ర సంగతి. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో లేబుల్ గురించి చెప్పే 19వ నిబంధన చాలా వివరంగా ఉంటుంది. సురక్షితం, విషం కాదు, హానిచేయదు లాంటి మాటలు రాయనేకూడదు. "చెప్పినట్టు వాడితే" అన్న షరతు తగిలించి రాసినా కుదరదు. తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, అసలు మందు పేరు, దాని శాతం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విరుగుడు ఉండాలి. హిందీ, ఇంగ్లీషుతో పాటు అమ్మే ప్రాంతపు భాషలో ఉండాలి. రంగు గుర్తు చతురస్రాన్ని మూల మీద నిలబెట్టిన ఆకారంలో, లేబుల్ ఉన్న ముఖంలో కనీసం పదహారో వంతు ఉండాలి. కింది సగంలో రంగు (మీరు త్రికోణం అన్నది అదే), పై సగంలో హెచ్చరిక. ఎరుపు అంటే అత్యంత విషపూరితం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ రంగులు ప్రయోగశాలలో జంతువులకు ఎంత మోతాదు ప్రాణాంతకమయిందో దాన్నిబట్టి ఇస్తారు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే అయితే ఎరుపు, 500 వరకు పసుపు, 5,000 వరకు నీలం, ఆ పైన ఆకుపచ్చ. ఆకుపచ్చ చూసి నిశ్చింతగా ఉండమని దీని అర్థం కాదు. అంతెందుకు, పారాక్వాట్ కలుపు మందు డబ్బా మీద ఉండేది పసుపే. దానికి విరుగుడే లేదు.

ఇంత పట్టింపు ఊరికే రాలేదమ్మా. 1958లో కేరళలో గోధుమ పిండి తిని వంద మందికి పైగా చనిపోయారు. ఓడలో పిండి బస్తాలతో పాటు వచ్చిన పారాథియాన్ అనే పురుగుమందు డబ్బాలు కారి, ఆ మందు పిండిలో కలిసింది. ఆ ఘటన మీద జస్టిస్ జె.సి. షా విచారణ జరిగింది. పదేళ్ల తర్వాత ఈ చట్టం వచ్చింది, 1971లో అమల్లోకి వచ్చింది. మీ ఆసుపత్రి డాక్టరు గారు డబ్బా కోసం ఎందుకు చేయి చాపారో ఆలోచించండి. లేబుల్ మీద విరుగుడు రాయించింది ఆ చేతి కోసమే.

చేయాల్సిన పని చెబుతాను. మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, కాపీ జిల్లా వ్యవసాయ అధికారికి. ఫొటోలు, ఆసుపత్రి కాగితం, ఆ చీటీ జతచేయండి. రసీదు తీసుకోండి. ఫిర్యాదులో ఒక మాట తప్పక ఉండాలి: "సదరు షాపులోని స్టాకు నుంచి 22వ సెక్షన్ ప్రకారం శాంపిల్ తీయవలసిందిగా కోరుతున్నాను." ఎందుకంటే మీ ఇంట్లోని సీసా మీ బాధకు ఆధారమే గానీ, కోర్టులో నిలిచేది ఇన్‌స్పెక్టరు షాపులో తీసి, మూడు భాగాలు చేసి సీలు వేసిన శాంపిల్. ఒక భాగం షాపాయనకు, ఒకటి ల్యాబుకు, ఒకటి కోర్టుకు. ల్యాబు 30 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆలస్యమైతే షాపులో ఆ సీసాలు మాయమవుతాయి, కాబట్టి రేపే వెళ్లండి. అధికారి తిప్పుతుంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, కింది వాళ్లు జవాబు రాయక తప్పదు.

కౌంటర్ వెనక నుంచి:

సార్ చెప్పినదంతా నిజం. నేను గుంటూరు వైపు పురుగుమందుల షాపు నడుపుతున్నాను, మా వైపు సంగతి కూడా కొంచెం చెప్తాను. ఎవరినీ వెనకేసుకు రావడం లేదు.

మా లైసెన్సులో ప్రతి కంపెనీ మందుకూ ఆ కంపెనీ ఇచ్చిన ప్రిన్సిపల్ సర్టిఫికెట్, అంటే మా సరుకు అమ్మవచ్చని ఇచ్చే కాగితం, ఎక్కించుకోవాలి. అది లేకుండా ఆ కంపెనీ సరుకు అమ్మకూడదు. ఈ బయో సీసాలకు అది ఉండదు, అందుకే వాటికి సరైన బిల్లు రాయరు. బిల్లు ఇవ్వలేదంటేనే చెల్లెమ్మ అనుమానపడాలి. నిబంధనల ప్రకారం మందు పేరు, బ్యాచ్‌తో నగదు లేదా అరువు బిల్లు ఇవ్వాల్సిందే. అరువు ఖాతా ఉన్న రైతు బిల్లు అడగడానికి మొహమాటపడతాడు. అడిగితే మళ్లీ అప్పు పుట్టదేమోనని భయం. ఈ మొహమాటం మీదే ఈ వ్యాపారం మొత్తం నడుస్తోంది.

ఇంకో సంగతి. అసలు కంపెనీ సీలుతో, సరైన బిల్లుతో కొన్న మందు నాసిరకమని తేలితే డీలరుకు 30వ సెక్షన్‌లో రక్షణ ఉంది. లైసెన్సున్న వాళ్ల దగ్గర కొన్నానని, జాగ్రత్తగా నిల్వచేశానని, లోపం తెలిసే అవకాశం లేదని రుజువు చేసుకుంటే బయటపడతాడు. రిజిస్ట్రేషన్ నంబరే లేని సీసాకు "నాకు తెలియదు" అనడం కుదరదు. నంబరు లేదని కంటికే కనబడుతుంది కదా.

2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలన్నీ ఊడ్చేసినప్పుడు రైతులు ఏడుస్తూ వచ్చి "ఏదో ఒకటి ఇవ్వండి" అని నిలబడ్డారు. ఆ రోజుల్లో ఈ సీసాల వాళ్లు ఊరూరా తిరిగారు. మా దగ్గరికీ వచ్చారు. మామూలు మందు మీద వచ్చే దానికి ఎన్నో రెట్ల మార్జిన్ చూపించారు. హైదరాబాద్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ శిక్షణ సంస్థ రూపొందించిన ఏడాది డిప్లొమా చేశాను నేను. అందులో లేబుల్ చదవడం నేర్పారు. నేర్చుకున్నాక అలాంటి సీసా కౌంటరు మీద పెట్టడానికి నాకు చేతులు రాలేదు. రైతులకు నేను చెప్పేది ఒకటే, డబ్బా కొనేముందు దాని మీద "మిర్చి" అని, ఎదురుగా మీ పురుగు పేరు ఉందో లేదో వెతకండి. దాన్నే మేం లేబుల్ క్లెయిమ్ అంటాం. కమిటీ చూసి ఒప్పుకున్నది ఆ పంటకు, ఆ పురుగుకు మాత్రమే. గ్లైఫోసేట్ కలుపు మందు సంగతి చూడండి, లేబుల్ మీద ఉన్నది టీ తోటలు, పంట లేని చోట్లు. మన దగ్గర పత్తి చేలల్లో ఎంత కొట్టారో అందరికీ తెలుసు. చివరికి 2022లో కేంద్రం తెగుళ్ల నివారణ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది.

క్యాజువాలిటీ నర్సు:

ఒక్క విషయం చెప్పి వెళ్తాను. మందు కొట్టాక చెమటలు, నోట్లో నీళ్లు ఊరడం, చూపు మసక, కంటిపాప చిన్నదవడం కనబడితే నరాల మీద పనిచేసే ఆర్గానోఫాస్ఫేట్ తరహా మందు అయి ఉంటుందని అనుమానిస్తాం, దాని విరుగుడు అట్రోపిన్ మొదలుపెడతాం. కానీ అన్ని మందులకూ అది పనిచేయదు. డబ్బా తెస్తే మాకు చాలా సమయం కలిసొస్తుంది. డబ్బా తేలేకపోతే లేబుల్ ఫొటో అయినా ఫోన్‌లో ఉండాలి. నేను మా ఊళ్లో అందరికీ చెబుతున్నాను, మందు కలిపే ముందే నాలుగు వైపులా ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండని. మసకబారిన చూపుతో చేలో కూర్చుని ఎవరూ డబ్బా వెతకలేరు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితంలో "పురుగుమందు పిచికారీ వల్ల" అని రాయించుకోండి. ఒట్టి "వాంతులు" అని ఉంటే తర్వాత ఎందుకూ పనికిరాదు.

మిర్చి రైతు కూతురు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సార్ చెప్పినట్టే సెలవు పెట్టి వెళ్లి ఏఓ గారికి ఫిర్యాదు ఇచ్చాను. మొదట "ఊళ్లో వాళ్లు కదా, మాట్లాడుకోండి" అన్నారు. 22వ సెక్షన్ అని రాసిన వాక్యం చూపించి, నాన్న ఆసుపత్రి కాగితం ముందు పెట్టాక ఇంక ఆ మాట అనలేదు. ఆ మధ్యాహ్నమే షాపుకు వెళ్లారు. అవే సీసాలు లోపలి గదిలో అట్టపెట్టెలో దొరికాయి. మూడు భాగాలు చేసి సీలు వేశారు. షాపాయన నాన్నకు ఫోన్ చేసి డబ్బు తిరిగిస్తాను, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నారు. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇదే మందు ఇంకెంత మందికి ఇచ్చావు, వాళ్లకు ముందు చెప్పు" అని పెట్టేశారు.

మా బజారులో ఇంకో ఇద్దరు ఇదే సీసా కొన్నారని తెలిసింది. ఒకరు ఇంకా కొట్టలేదు. ఆయన దగ్గర సీసా తీసుకుని ఫొటోలు తీసి ఏఓ గారికి పంపాను. ఇప్పుడు రెండు సందేహాలు. రిపోర్టు మాకు ఇస్తారా? ఒకవేళ కంపెనీ దాన్ని సవాలు చేస్తే?

పాత ఏఓ:

నాన్నగారు మంచి మాట అన్నారు.

రిపోర్టు నేరుగా మీకు పంపాలన్న నియమం లేదు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద జిల్లా వ్యవసాయ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. శాంపిల్ తీసిన తేదీ, ల్యాబుకు చేరిన తేదీ, రిపోర్టు తేదీ, తీసుకున్న చర్య, నాలుగూ విడివిడిగా అడగండి. ఒకే ప్రశ్నగా అడిగితే "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్కలో సరిపెడతారు.

సవాలు చేసే హక్కు వాళ్లకు ఉంది. రిపోర్టు కాపీ అందిన 28 రోజుల్లోగా దాన్ని ఒప్పుకోవడం లేదని తెలపాలి. అప్పుడు కోర్టు దగ్గరున్న భాగం కేంద్ర ల్యాబుకు వెళ్తుంది, అక్కడి రిపోర్టే చివరిది. ఆ భాగం సీలు చెదరకుండా ఉండాలనే మూడు భాగాలు చేయించేది. రుజువైతే 2000లో చేసిన సవరణ ప్రకారం మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా మాత్రమే వేస్తే వాళ్లకు అది లెక్కలోకి రాదు, అందుకే లైసెన్సు రద్దు గురించి కూడా ఫిర్యాదులో అడగండి. ఆ పని 14వ సెక్షన్ కింద మన అధికారుల చేతిలోనే ఉంది, కోర్టు తీర్పు దాకా ఆగక్కర్లేదు.

నష్టపరిహారం ఇదంతా అయ్యాక వేరుగా వినియోగదారుల కమిషన్‌లో అడగాలి. రైతు కూడా వినియోగదారుడే అని విత్తనాల కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఆ తెల్ల చీటీ, ఫోన్ చేసి డబ్బు తిరిగిస్తానన్న మాట రెండూ పనికొస్తాయి. కాల్ వచ్చిన తేదీ, సమయం ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ ఇద్దరు రైతులను కూడా సంతకం పెట్టమనండి, ముగ్గురూ కలిసి వెళ్తే ఒక ఇంటి తగాదా అని ఎవరూ తోసిపుచ్చలేరు.